వాగులో నిలబడ్డ లెక్కలు

పొద్దున లేవగానే సీతారత్నం చేసే మొదటి పని, తాను పడుకున్నచోట నాపరాయి పగిలిందేమో చూసుకోవడం. పగలకపోతే చాప చుట్టి మూలన నిలబెట్టి పెరట్లోకి పోయేది. పగిలిన రోజు మాత్రం అత్త రామతులసమ్మ లేవకముందే ఆ నెర్రెలో ఇంత తడిసున్నం మెత్తేది. అత్త తిడుతుందని కాదు. రామతులసమ్మ ఎవర్నీ తిట్టే మనిషి కాదు. "ఇంకో రాయా?" అని మాత్రం అడిగి ఒక నిట్టూర్పు విడిచేది. పొద్దున్నే ఆ నిట్టూర్పు వినే ఓపిక సీతారత్నానికి ఉండేది కాదు.

లెక్కలు చదివితే ఒళ్లు బరువెక్కుతుందని మార్కాపురంలో అందరికీ తెలుసు. చరిత్ర ఎంత చదివినా ఏమీ కాదు. ఇంగ్లీషు చదివితే కాస్త తల తిరుగుతుందని కొందరంటారు గానీ బరువైతే రాదు. లెక్కలు అట్ల కాదు. అంకగణితం పాదాల్లో చేరుతుంది, బీజగణితం భుజాల మీద కూర్చుంటుంది, రేఖాగణితమంతా మోకాళ్లలో ఉంటుంది. దుకాణం లెక్కలకు మాత్రం ఈ బాధ లేదు. అవి సరుకుతోపాటు గడప దాటిపోతాయి. నేర్చుకుని లోపల నిలుపుకున్న లెక్కకే బరువు. అందుకే సీతారత్నం మామ రాఘవయ్య ముప్పై ఏండ్లుగా నూనెల దుకాణంలో రోజంతా లెక్కలు కట్టి కూడా కొంగలాగా తేలిగ్గా నడిచేవాడు.

"మా సీత త్రికోణమితిలో పడిందే గోవిందమ్మా," అని రామతులసమ్మ వంకాయలు ఏరుకుంటూ చెబితే, వీధుల్లో కూరలమ్మే గోవిందమ్మ "అట్లనా? ఐతే మీ ఇంట్లో ఉయ్యాల బల్ల దింపేయక్కా, కొక్కేలు ఊడొస్తాయి," అని చెప్పి, ఇంకో రెండు వంకాయలు కొసరు వేసి పోయేది.

సీతారత్నానికి అప్పటికి ఇరవై ఎనిమిదేండ్లు. రాఘవయ్య ఒక్కగానొక్క కొడుకు జగన్నాథానికి ఇచ్చి పెండ్లి చేసినారు. నాలుగో ఏడు తిరక్కుండానే విషజ్వరం వచ్చి జగన్నాథం పోయినాడు. ఒంగోల్లో ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉన్న ఆమె తండ్రి, ఎవరేమనుకున్నా సరేనని, కూతుర్ని చెన్నపట్నంలో వితంతువుల హాస్టలులో పెట్టి చదివించినాడు. ఆమె చరిత్ర తీసుకుని బి.ఏ. ప్యాసయింది. ప్యాసైన ఏడే తండ్రి కాలం చేసినాడు. అప్పుడు రాఘవయ్యే ఒంగోలు పోయి, "ఎవరింట్లోనో ఉండేదేంది, మనింటికే రామ్మా," అని తీసుకొచ్చినాడు. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. కానీ ఆ ఇంట్లో జగన్నాథం పేరు కూడా ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. పేరు తలుచుకోకుండా ముగ్గురు మనుషులు ఒక ఇంట్లో తిరగాలంటే మాటలు చాలా తగ్గించుకోవాలి. వాళ్లు తగ్గించుకున్నారు.

హైస్కూల్లో పంతులమ్మ ఉద్యోగం రావాలంటే బి.ఏ. చాలదు, ఎల్.టి. అనే పంతుళ్ల శిక్షణ కూడా చదవాలి. చెన్నపట్నంలో ఒక కాలేజీవాళ్లు బి.ఏ. ప్యాసైన ఆడవాళ్లను చేర్చుకుంటున్నారు గానీ, ఆడపిల్లల బళ్లలో లెక్కలు చెప్పేవాళ్లు దొరకడం లేదని, చేరేముందు అందరికీ లెక్కల పరీక్ష పెడుతున్నారు. తెలుగు జిల్లాల వాళ్లకు గుంటూరులో. చరిత్ర చదివినా సరే, ఆ పరీక్షలో నెగ్గితేనే సీటు.

సీతారత్నం మొదటిసారి పోయినప్పుడు హాల్లో కాగితం చూడగానే భయమేసి, నేర్చుకున్నదంతా ఒక్కసారిగా జారిపోయింది. దూదిపింజలాగా బెంచీ మీద కూర్చుని, గాలికి ఎగిరిపోతానేమోనని బల్ల అంచు పట్టుకుని, ఉత్త కాగితం ఇచ్చి వచ్చింది. రెండోసారి ఏదీ జారనివ్వలేదు. అంతా మోసుకుని పోయింది. కానీ ఆ బరువుతో రైలెక్కి, రైలు దిగి, స్టేషను నుంచి పరీక్ష దాకా నడిచేసరికి ఒంట్లో సత్తువ అయిపోయి, రెండో ప్రశ్న రాస్తూ బల్ల మీదే నిద్రపోయింది.

ఇది మూడోసారి.

"ఈ ఏడు కూడా కాకపోతే ఇక వద్దమ్మా," అన్నాడు రాఘవయ్య సంక్రాంతి వెళ్లిన వారంలో, అన్నం తింటూ తల ఎత్తకుండా. "మీ అత్త తమ్ముడు గిద్దలూరు నుంచి మళ్లీ కబురు చేసినాడు. తల్లిలేని పిల్లలు ముగ్గురు. వండిపెట్టే దిక్కు లేదంట. నువ్వు పోతే ఆ ఇల్లు నిలబడుతుంది."

"పోయినాక మళ్లీ రావడం ఉంటుందా మామా?"

రాఘవయ్య ఇంకో ముద్ద కలుపుకున్నాడు. రామతులసమ్మ లేచి మజ్జిగ తేవడానికి పోయింది. గిద్దలూరు ఎంతో దూరం కాదు, రైల్లో కూర్చుంటే వచ్చేస్తుంది. కానీ కొన్ని వంటిళ్లలోకి పోయిన మనిషి మళ్లీ బయటకు రావడం ఉండదని ముగ్గురికీ తెలుసు.

ఆ ఏడాది యుద్ధం మూలంగా కిరసనాయిలు దొరకలేదు. పొద్దు గూకితే చదువు లేనట్టే. అందుకని సీతారత్నం పగలే చదివేది. నీళ్లు తోడుతూ వర్గమూలాలు, బియ్యం ఏరుతూ శ్రేఢులు, పొయ్యి ముందర కూర్చుని సమీకరణాలు. మధ్యాహ్నం ఎండ దిగినాక శాంతయ్య పంతులు దగ్గరికి పోయేది.

శాంతయ్య మిషన్ బడిలో ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పి విరమించుకున్న మనిషి. ఎముకల గూడులాగా సన్నగా ఉండేవాడు గానీ, ఆయన్ని ఇద్దరు మగవాళ్లు కలిసి కూడా కదిలించలేరు. ఇంటిముందు ఒక పెద్ద పలకరాతి బండ వేయించుకుని దాని మీదే కూర్చునేవాడు. చర్చి ఆ వీధి చివరే ఉన్నా, అక్కడికి నడిచిపోయి ఆరేండ్లయింది. ఆదివారం పాస్టరుగారే బండ దగ్గరికి వచ్చి ప్రార్థన చేసి పోయేవాడు.

"ఈరోజు ఒక్కటీ ఎక్కడం లేదు పంతులుగారూ," అన్నది సీతారత్నం ఒక వేసవి మధ్యాహ్నం, బండ పక్కన కింద కూలబడుతూ. "నడిచి వచ్చేసరికే అలసట. మోకాళ్లు మంటలు. నిన్న చదివింది ఉందో పోయిందో కూడా తెలియడం లేదు."

"పోతే తెలుస్తుందిలేమ్మా. ఒళ్లు తేలికైతుంది."

"తేలికైతే బాగుండనిపిస్తుంది ఒక్కోసారి."

శాంతయ్య నవ్వలేదు. "నాకూ అనిపించేది. మా ఆవిడ పోయినప్పుడు సమాధి దాకా నడవలేకపోయినా. అప్పుడు మరిచిపోదామని కూర్చున్నా. ఒక్కొక్కటే తీసి పారేద్దామనుకున్నా. ఒక్కటి కూడా కదల్లేదు." పలక ఆమె ముందుకు జరిపి, "ఇంక కానీ. స్పర్శరేఖ వ్యాసార్థానికి ఎందుకు లంబంగా ఉండాలో చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. ఇంటికి పోయేటప్పుడు కాళ్లు ఇంకాస్త బరువైనాయి. రామతులసమ్మ ఆముదం వెచ్చబెట్టి గిన్నె తెచ్చి ముందర పెట్టింది. సీతారత్నం మోకాళ్లకు రాసుకుని, గోడకు ఆనుకుని, దీపం పెట్టకముందే నిద్రపోయింది.

పరీక్ష మృగశిర కార్తెలో వచ్చింది. ముందురోజు సాయంత్రం రైలెక్కితే తెల్లవారేసరికి గుంటూరు చేరొచ్చు. స్టేషను ఊరికి దూరం. జట్కావాళ్లు సీతారత్నాన్ని చూసి దండం పెట్టేసినారు. "గుర్రం పడిపోతుంది శెట్టిగారూ, లెక్కల మనిషిని ఎక్కించుకోలేం," అన్నారు. దుకాణానికి ఆముదాలు తోలుకొచ్చే పెద్దారవీడు రైతు కొండయ్య బండికి ఇనుప ఇరుసు ఉంది. ఆయన ఒప్పుకున్నాడు.

ఆడమనిషిని ఒంటరిగా పంపేది లేదు గనుక రాఘవయ్యే బయలుదేరినాడు. రామతులసమ్మ పులిహోర మూట కట్టిచ్చి, బండి కదిలేదాకా వాకిట్లోనే నిలబడింది. వీధి మలుపులో గోవిందమ్మ ఖాళీ గంపలతో ఎదురొచ్చి, స్టేషను అవతల ఊర్లో కూరగాయలు కొనుక్కోవాలని, తనను కూడా ఎక్కించుకోమన్నది.

"ఎక్కు. నీదేం బరువు," అన్నాడు కొండయ్య.

సీతారత్నం బండి మధ్యలో, సరిగ్గా ఇరుసు మీదుగా కూర్చుంది. ఒళ్లో మూటలో లెక్కల పుస్తకం. పక్కన రాఘవయ్య గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని, ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నాడని ఆమెకు తెలుస్తూనే ఉంది. రెండుసార్లు తీసుకుపోయి రెండుసార్లు తీసుకొచ్చినాడు. బజారులో వాళ్లు "కోడలుగారి పరీక్ష ఏమైంది?" అని అడిగితే రెండుసార్లు ఏదో చెప్పుకున్నాడు.

"మామా, ఈసారి నిద్రపోను."

"పోతే పోతావులే," అన్నాడాయన. కోపంగా కాదు. "నిద్ర వస్తే మనిషేం చేస్తాడు."

వాగు దగ్గరికి వచ్చేసరికి ఎండ కాస్తూనే ఉంది. వాగులో చీలమండ లోతు నీళ్లు. పడమట నల్లమల మీద మాత్రం ఆకాశం బొగ్గులాగా నల్లగా ఉంది. కొండయ్య ఒకసారి అటు చూసి, ఎడ్లను అదిలించి బండి దింపినాడు. సగం దూరం పోయినాక ఎడ్లు చెవులు నిక్కబొడుచుకుని ఆగిపోయినాయి.

ముందు శబ్దం వచ్చింది. తరువాత చెత్త, కొమ్మలు, ఎర్రటి నురగ. ఆ వెనకాల నీళ్లు.

కొండయ్య అదిలించేలోపే నీళ్లు ఎడ్ల పొట్టలకు తగిలినాయి. బండి ఒక పక్కకు ఒరిగి, చక్రం లేచి, మళ్లీ పడింది. గంపలు కొట్టుకుపోయినాయి. గోవిందమ్మ పైబద్ద పట్టుకుని దేవుళ్లందర్నీ పిలుస్తోంది. ఎడ్లకు కాళ్లు ఆనడం లేదు. ఇంకోసారి ఒరిగితే బండి తిరగబడుతుందని అందరికీ తెలిసిపోయింది.

సీతారత్నం కొంగు నడుముకు చుట్టి కిందికి దిగింది.

"అమ్మాయ్!" అని రాఘవయ్య అరిచినాడు.

నీళ్లు ఆమె నడుము దాకా వచ్చినాయి. ఆమె పాదాలు గులకరాళ్లలో దిగి అక్కడే ఆగినాయి. కాడి దగ్గర నొగను రెండు చేతులతో పట్టుకుంది. బండి ఒక్క కుదుపు కుదిపి నిలబడింది. ఎడ్లు ఆమె భుజానికి తలలు ఆనించి వగరుస్తూ నిలబడ్డాయి.

"ఆ! నిలబడింది!" అన్నది గోవిందమ్మ. "లెక్కలు చదివిన పిల్ల బండిలో ఉన్న సంగతి మరిచేపోయినా. కదలొద్దు సీతమ్మా, అట్లనే ఉండు. కొండ వాన, ఎంతో సేపుండదు."

కొంతసేపు అట్లనే గడిచింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఒక మొద్దు కొట్టుకొచ్చి ఆమె తొడకు తగిలి పక్కకు పోయింది. ఆ దెబ్బతో ఆమెకు మొదటిసారి భయం వేసింది. వేసిన వెంటనే లోపల ఏదో జారింది. శ్రేఢుల మొత్తం కట్టే సూత్రం. ఇప్పటిదాకా ఉంది, ఇప్పుడు లేదు. కుడిపాదం గులకరాళ్ల మీది నుంచి వేలెడు పైకి లేచింది.

గుంటూరు హాల్లో జరిగింది ఇదే. ఆమెకు గుర్తొచ్చింది. ఒకటి పోతే దాని వెనకే అన్నీ పోతాయి.

"మామా, పుస్తకం తీయండి! ఏదన్నా అడగండి! అడక్కపోతే అన్నీ మరిచిపోతాను!"

రాఘవయ్య ఆమె బండిలో వదిలిన మూట విప్పినాడు. పుస్తకం ఇంగ్లీషుది. ఆయనకు ఒక్క అక్షరం రాదు. పేజీ తిప్పినాడు, ఇంకో పేజీ తిప్పినాడు.

"చదవడం రాదమ్మా నాకు!"

"బొమ్మలు చెప్పండి!"

"బొమ్మలా... ఇక్కడ త్రికోణం ఉంది. దాని మూడు పక్కలకూ మూడు చదరాలు, కిటికీ రెక్కల మాదిరి."

"లంబకోణ త్రిభుజం మామా. కర్ణం మీది చదరం మిగిలిన రెండు చదరాలూ కలిపినంతకు సమానం."

"ఎట్ల?" అని అరిచినాడు రాఘవయ్య. ఆయనకు తెలుసుకోవాలని కాదు. బేరంలో ఎదుటి మనిషి మాట అంటే వెంటనే 'ఎట్ల' అనడం ఆయన అలవాటు. కానీ ఆ 'ఎట్ల' మంచి పని చేసింది. సీతారత్నం ఎట్లనో మొదటి నుంచి చెప్పుకొచ్చింది. మాటల్లోనే శీర్షం నుంచి సమాంతర రేఖ గీసింది, రెండు త్రిభుజాలు సరిసమానమని చూపించింది. చెబుతుంటే కుడిపాదం మళ్లీ రాళ్లలోకి దిగింది.

"ఇంకోటి! గుండ్రం ఉంది. లోపల రెండు గీతలు కత్తెర మాదిరి అడ్డంగా పోతున్నాయి."

"రెండు జ్యాలు. ఒకదాని ముక్కలు రెండూ గుణిస్తే ఎంతో, రెండోదాని ముక్కలు గుణిస్తే అంతే."

"ఎట్ల?"

అట్ల చాలా బొమ్మలు నడిచినాయి. కొండయ్య నోరు తెరుచుకుని వింటున్నాడు. గోవిందమ్మ మధ్యమధ్య "అవునవును," అంటోంది. ఇంతలో ఒక పెద్ద అల వచ్చి బండి లోపలి దాకా తడిపింది. పుస్తకం ముద్దయింది. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయినాయి.

"రావడం లేదమ్మా, పేజీలు రావడం లేదు!"

"మీకు తెలిసిందే అడగండి మామా!"

"పుట్టికి ఎన్ని కుంచాలు?"

"ఎనభై!" చెప్పగానే అది నీళ్లతోపాటు పోయింది. దుకాణం లెక్క నిలవదు. ఎడమపాదం లేచింది. నొగ ఆమె చేతుల్లో గుంజుకుంటోంది. "అది కాదు మామా! నిలిచేది అడగండి! నిలిచేది!"

రాఘవయ్య చుట్టూ చూసినాడు. ముఖం నిండా నీళ్లు. వాగు హోరులో ఆయన గొంతు ముందు ఆమెకు వినపడలేదు. రెండోసారి అడిగినాడు.

"మా జగన్నాథం ఎన్ని రోజులు బతికినాడు?"

సీతారత్నం తల ఎత్తి చూసింది. భర్త పోయినాక ఎనిమిదేండ్లలో ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు.

ఆమె వేళ్లు మడిచి కట్టాల్సిన పని లేదు. ఆ లెక్క ఆమె ఎప్పుడో చేసింది. శాంతయ్య దగ్గర చేరిన కొత్తలో, లీపు సంవత్సరాల పాఠమైన సాయంత్రం, పలక మీద ఒంటరిగా వేసుకుంది. పుట్టిన రోజు నుంచి పోయిన రోజు దాకా, ఫిబ్రవరి ఇరవై తొమ్మిదులు కలుపుకుని. వేసి తుడిచేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రే ఇంట్లో మొదటి నాపరాయి పగిలింది.

ఆమె ఆ సంఖ్య చెప్పింది. కొండయ్యకు వినపడలేదు, గోవిందమ్మకు వినపడలేదు. రాఘవయ్యకు వినపడింది.

"ఇంతేనా?" అన్నాడాయన.

"ఇంతే మామా."

ఈసారి ఆయన "ఎట్ల?" అనలేదు. పెదవులు కదుపుతూ ఆ సంఖ్యను లోపల ఒకసారి చెప్పుకున్నాడు. సీతారత్నం కాళ్లు పిక్కల దాకా రాళ్లలోకి దిగిపోయినాయి. నొగ కదలడం మానేసింది. మొద్దులొచ్చినాయి, చెట్లొచ్చినాయి, ఎవరిదో పాక కప్పు తాటాకులతో సహా వచ్చింది. అన్నీ ఆమెకు రెండు పక్కలా చీలి పోయినాయి. ఆమె ఏడుస్తోందని బండిలో వాళ్లకు తెలిసే వీలు లేదు. అందరి ముఖాలూ ఒక్క మాదిరిగానే తడిసి ఉన్నాయి.

పొద్దు వాలే వేళకు నీళ్లు తగ్గినాయి. కొండయ్య దిగి, పార దొరక్క చేతులతోనే రాళ్లు తోడి ఆమె కాళ్లు బయటికి తీసినాడు. ఆమెను బండిలోకి ఎక్కించడానికి ఎడ్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది.

"శెట్టిగారూ, ఇంటివైపే దగ్గర," అన్నాడు కొండయ్య. "రైలు ఎట్లనూ పోయే ఉంటుంది. అమ్మాయి వణికిపోతోంది. వెనక్కి తోలేదా?"

సీతారత్నానికి మాట్లాడే ఓపిక లేదు. పళ్లు కొట్టుకుంటున్నాయి. వెనక్కి పోయినా సరే, ముందుకు పోయినా సరే, పడుకుంటే చాలుననిపించింది. రాఘవయ్య తడిసిన పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు, కూర్చుని ఉన్నాడు.

"ముందుకు తోలు," అన్నాడు.

రైలు పోలేదు. పట్టాల మీదికి నీళ్లొచ్చి స్టేషనులోనే నిలబడిపోయింది. గోవిందమ్మ తన మెడ చుట్టూ ఉన్న తువాలు గట్టిగా పిండి సీతారత్నానికి ఇచ్చి, గంపల్లేకుండానే తన దారిన పోయింది. రాత్రికి పట్టాలు తేలి రైలు కదిలింది. రైలు నిండా సిపాయిలు. సీతారత్నం తలుపు పక్కన కింద కూర్చుంది. మామ ఎదురుగా కూర్చున్నాడు. పులిహోర తడిసిపోయింది, అయినా తిన్నారు. ఆయన పెదవులు అప్పుడప్పుడు కదులుతున్నాయి. ఏం చెప్పుకుంటున్నాడో ఆమెకు తెలుసు. కండ్లు మూసుకుంది.

లెక్కల పరీక్ష ఎక్కడైనా మేడ మీద పెట్టరు. గుంటూరులో కూడా కింది అంతస్తులో, బండలు పరిచిన హాల్లో పెట్టినారు. ఈ ఏడు బెంచీలు తీసేసినారు, అభ్యర్థులందరూ నేల మీదే, ముందర చిన్న పీటలు పెట్టుకుని కూర్చున్నారు. మురికి చీరతో, చెంపకు ఎండిన బురదతో వచ్చిన మనిషిని చూసి కాగితాలు పంచే ఆయన గోడ వారన గట్టి బండ చూపించినాడు.

సీతారత్నం కాగితం తిప్పింది. ఒంట్లో ప్రతి కీలూ నొప్పి. భయపడడానికి కూడా ఓపిక కావాలి, అది ఆమె దగ్గర మిగల్లేదు. మొదటి ప్రశ్న చదివింది. రెండోది చదివింది. శ్రేఢుల ప్రశ్న ఒకటుంది, ఆ సూత్రం వాగులోనే పోయింది, దాన్ని వదిలేసింది. మిగిలినవి అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ప్రతిదాని వెనకా ఒక గొంతు "ఎట్ల?" అని అరుస్తూనే ఉంది. ఎట్లనో రాసుకుంటూ పోయింది. గంట కొట్టినప్పుడు తల ఎత్తి, తాను నిద్రపోలేదని తెలుసుకుని తనే ఆశ్చర్యపోయింది.

తరువాతి సంగతి తరువాత జరిగింది. ఆషాఢంలో కాలేజీవాళ్లు సీటిచ్చినట్టు కబురు చేసినారు. ఆమె చెన్నపట్నం పోయింది, చదివింది, ఆ తరువాత చాలా ఏండ్లు చాలా ఊర్లలో ఆడపిల్లల నడక బరువెక్కించింది. కానీ ఆరోజు హాలు బయటికి వచ్చేటప్పటికి అవేవీ ఆమెకు తెలియవు.

బయట కానుగచెట్టు కింద రాఘవయ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ లెక్కల పుస్తకం. పేజీలన్నీ విడదీసి, ఒక్కొక్కటీ ఎండలో పరిచి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టినాడు. కాలేజీ జవాన్లు పక్కనుంచి జాగ్రత్తగా తప్పుకుని పోతున్నారు.

"రాసినావా?" అన్నాడు.

"ఒకటి తప్ప అన్నీ రాసినా మామా. వస్తుందో రాదో చెప్పలేను."

"రానీ, రాకపోనీ." ఆయన ఒక పేజీ తిరగేసి రెండోపక్క ఎండకు పెట్టినాడు. "గిద్దలూరుకు మనిషిని పంపిస్తా. మా కోడలు రాదు, వంటకు ఇంకెవర్నన్నా చూసుకోమని చెప్పమంటా. మీ అత్తతో నేను మాట్లాడుకుంటా."

సీతారత్నం కింద కూర్చుని పేజీలు ఏరడం మొదలుపెట్టింది. అన్నీ ఏరి, వరసలో పేర్చి మూట కట్టింది. రైలుకు పొద్దు పోతోంది. "పోదామా మామా," అని లేచింది.

రాఘవయ్య లేవబోయినాడు. లేవలేకపోయినాడు. నేల మీద చెయ్యి ఆనించి మళ్లీ ప్రయత్నించినాడు. ఆ కొంగలాంటి మనిషి అరంగుళం కూడా పైకి రాలేదు. కింద మట్టి ఆయన కూర్చున్నంత మేర గుంటపడి ఉంది. ఆయన తన కాళ్ల వైపు చూసుకుని, తరువాత కోడలి వైపు చూసినాడు.

"ఒక్క లెక్కే గదమ్మా నేను నేర్చుకుంది," అన్నాడు. "నిన్నటి నుంచి ఎంత వదిలించుకుందామన్నా పోవడం లేదు. నువ్వెట్ల మోసినావు ఇంతకాలం?"

ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి మామ చెయ్యి ఆమె ఎన్నడూ ముట్టుకోలేదు. ఇప్పుడు వంగి, ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఒక్కసారిగా లేవాలని చూడొద్దు మామా," అన్నది. "ముందు మోకాలు మడవండి. ఆ, అట్ల. ఇంకో చెయ్యి నా భుజం మీద వేయండి. ఊపిరి బిగబట్టొద్దు. ఇప్పుడు మెల్లగా లేవండి."

రాఘవయ్య ఆమె చెప్పినట్టే మోకాలు మడిచినాడు.